నల్లగా ఉండవలసిన గది

మా డాక్టర్ సాబ్ పోయిన సంగతి మాకు కామారెడ్డి బస్సు కండక్టరు ద్వారా తెలిసింది. ఆ పొద్దున మా ఆయన ఎల్లారెడ్డి బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాడు. నోట్లో పెట్టుకునే ప్లేటు కొద్దిగా ఒత్తుతోందని సాబ్‌కు చూపించుకోవడానికి బయలుదేరాడు. టికెట్టు ఇవ్వబోయిన కండక్టరు ముఖం చూసి ఆగాడట. "పటేలా, దవఖానకేనా? నీకు ఎరుక లేనట్టున్నది" అన్నాడట.

నేను బడికి పోయే తొందరలో ఉన్నాను. బస్టాండుకు పోయిన మా ఆయన అంతలోనే తిరిగొచ్చి అరుగు మీద చెప్పులతోనే కూర్చున్నాడు.

"ఏమైంది, బస్సు వోయిందా?" అన్నాను.

"సాబ్ లేడు."

"దవఖాన బందున్నదా? ఇంకో దినం పో మరి."

"సాబే లేడు" అన్నాడు.

పిల్లలకు గుణింతాలు నేర్పి బతికేదాన్ని. ఒక్క గుణింతం మారితే ఎంత మారిపోతుందో ఆ రోజు తెలిసింది. పిట్లం వైపు ఒక బడిలో పిల్లల పండ్లు చూడటానికి పోయి, సాయంత్రం తిరిగొస్తుండగా జీపులోనే గుండె నొప్పి వచ్చిందట. కామారెడ్డి చేరేసరికే ప్రాణం పోయిందట. ఇవన్నీ తరువాత తెలిశాయి. ఆ పూట మాత్రం ఇద్దరం అరుగు మీద అలాగే కూర్చుండిపోయాం. బడి గంట ఇంటిదాకా వినిపించింది. లేవలేదు.

ఆయన ఎవరో మీకు చెప్పాలి. కామారెడ్డి చుట్టుపక్కల వాళ్లకైతే చెప్పనవసరం లేదు. మా వైపు పళ్లను పండ్లనే అంటాం, అందుకని ఆయన అందరికీ పండ్ల డాక్టర్ సాబ్. కామారెడ్డిలోనే పుట్టారు. వాళ్ల నాన్నది గంజ్ మార్కెట్ దగ్గర బట్టల దుకాణం. హైదరాబాదులో పండ్ల డాక్టరు చదువు చదివి, డెబ్బయ్యవ దశకం చివర్లో తిరిగొచ్చి, ఆ దుకాణం మీది గదిలోనే దవఖాన పెట్టారు. అప్పటిదాకా మాకు పన్ను నొస్తే అంగట్లో పటకారుతో కూర్చునే మనిషే దిక్కు.

నేను మొదటిసారి పోయింది కొత్తగా పెళ్లయినప్పుడు. దవడ చివర పన్ను వాచి, సగం ముఖం ఉబ్బింది. మా ఆయన వెంటబెట్టుకుని పోయాడు. కుర్చీలో కూర్చోగానే భయంతో నోరు గట్టిగా మూసుకున్నాను. సాబ్ నోరు తెరవమనలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, "చెప్పు చెల్లె" అన్నారు.

"ఏం చెప్పాలె?"

"ఎప్పుడు మొదలైంది, ఏం తింటే ఎక్కువైతది, పండుకుంటె ఎట్లుంటది. ముందుగాల నొప్పి మాట్లాడాలె. నేను తర్వాత మాట్లాడుత."

నేను చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఏడుపులో నోరు దానంతటదే తెరుచుకుంది. ఆయన చూడవలసింది చూసేశారు.

ఇరవై ఏండ్లలో ఆ పద్ధతి మారలేదు. చలికాలంలో నోట్లో పెట్టే చిన్న అద్దాన్ని వేడినీళ్లలో ముంచి, తన ముంజేతికి తాకించి చూసుకుని, అప్పుడు పెట్టేవారు. ఎక్స్‌రే తీస్తే తనొక్కడే చూసుకుని లోపల పెట్టేవారు కాదు. కిటికీ దగ్గరికి పిలిచి, వెలుతురుకు ఎత్తి పట్టి, చదువు రాని ముసలివాళ్లకు కూడా చూపించేవారు. "ఇగో, ఇది నీ పన్ను. ఇది దాని వేరు. నీ నోరు నీకు తెల్వకుంటె ఎట్ల?" అనేవారు. తెలియనిది ఏదైనా కనిపిస్తే "ఇది నాకు సమజ్ అయితలేదు" అని ఆ మాట కూడా పైకే చెప్పేవారు. "తెల్వనప్పుడు తెల్వదని చెప్పుడు గూడ వైద్యమే" అనేవారు. ఆ మాట నేను బడిలో ఎన్నిసార్లు వాడుకున్నానో.

మా ఆయన కామారెడ్డి గంజ్‌లో బెల్లం హర్రాజు, అంటే వేలంపాట, పలికేవాడు. రైతులు బెల్లం ముద్దలు తెచ్చి కుప్పలు పోస్తే, కుప్ప కుప్పకూ నిలబడి గొంతెత్తి పాట పాడాలి. ఒక కుప్ప దగ్గర పలికితే గేటు దాకా వినబడే గొంతు ఆయనది. సీజను వస్తే పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వచ్చేవాడు. వచ్చేటప్పుడు సాబ్‌కు ఒక ముద్ద బెల్లం ఇచ్చేవాడు. "పండ్ల డాక్టర్‌కు బెల్లం ఇస్తవా పటేలా? నాకు గిరాకీ పెంచనీకెనా?" అని నవ్వేవారు సాబ్. తీసుకునేవారు మాత్రం.

ఒకసారి స్కూటరు మీది నుంచి పడి మా ఆయన ఎడమ పక్క పై పండ్లు విరగ్గొట్టుకున్నాడు. విరిగిన వేళ్లు తీసేసి సాబ్ కట్టుడు పండ్లు చేసి పెట్టారు, తీసి పెట్టుకునేవి. తినడానికి బాగానే ఉండేవి. హర్రాజు పలికేటప్పుడే చిక్కు. ఒకరోజు పాట మంచి జోరు మీద ఉండగా ఆ పండ్లు ఊడి బెల్లం కుప్పలో పడ్డాయట. గంజ్ అంతా నవ్వింది. "ఆ కుప్పకు పండ్లు మొలిచినయ్, రేటు పెంచుండ్రి" అని ఎవరో అన్నారట. మా ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదు.

సాబ్ దగ్గరికి పోయి, "కదలని పండ్లు గావాలె సాబ్" అన్నాడు.

తొంభయ్యో దశకం మొదట్లో మాట. ఎముకలో స్క్రూ లాంటిది బిగించి దాని మీద పన్ను కట్టే పద్ధతి హైదరాబాదుకు అప్పుడప్పుడే వస్తోంది. ఇంప్లాంట్ అంటారు. సాబ్‌తో చదువుకున్న డాక్టరు ఒకాయన అక్కడ మొదలుపెట్టాడు. "నాకు రాదు. వానికి వస్తది. కాని ముందు స్కాన్ తీయాలె" అని సాబ్ కాగితం మీద బొమ్మ గీశారు. పై పండ్ల వేళ్ల మీద, చెంప ఎముక వెనక, ఒక ఖాళీ గది ఉంటుందట. గాలి తప్ప ఏమీ ఉండదు. సైనస్ అంటారు. "ఆ గదికి, నోటికి నడుమ ఎముక ఎంత మందమున్నదో చూసుకోవాలె. పలచగుంటే స్క్రూ పోయి గదిల వడ్తది."

మేం ఆ మాట వింటుండగానే బిచ్కుంద నుంచి ఒక రైతు వచ్చాడు. తెలుగు, కన్నడం, మరాఠీ కలిపి మాట్లాడే మనిషి. మహారాష్ట్ర వైపు ఎక్కడో పన్నుకు పెద్ద ఎక్స్‌రే తీయించుకుంటే పైన గడ్డ ఉందన్నారట. భార్యాపిల్లలను వెంటబెట్టుకుని వచ్చాడు, ఆఖరి చూపులకన్నట్టు. సాబ్ ఫిల్మును కిటికీకి పట్టి చూసి, ఆయనను అడగవలసినవన్నీ అడిగి, నవ్వారు.

"ఇగో చూడు. గది అడుగున గుండ్రంగ, నున్నగ, పొద్దుపొడుపు లెక్క కనవడ్తుంది గద. చుట్టూ గోడ గీత ఎక్కడన్న తెగిందా?"

"లేదు సాబ్."

"నీళ్ల బుడగ అది. శానా మందికి ఉంటది. దాని జోలికి మనం పోవద్దు, మన జోలికి అది రాదు. ఆరు నెలలైనంక ఒకపారి చూపిచ్చి పో."

ఆ రైతు సాబ్ చేతులు పట్టుకుని కండ్లకద్దుకున్నాడు. బయటికి పోతూ పోతూ మా ఆయన భుజం కూడా తట్టాడు, మేమేదో సాయం చేసినట్టు. మేం కూడా నవ్వుకుంటూ మెట్లు దిగాం.

అందుకే, హైదరాబాదులో మా ఆయన స్కాన్ చూసి ఆ ఇంప్లాంట్ డాక్టరు "సైనస్‌లో ఏదో నిండి ఉంది" అన్నప్పుడు నేను పెద్దగా భయపడలేదు. ఆయన కూడా నెమ్మదిగానే చెప్పాడు. ఇట్లాంటివి పండ్ల కోసం తీసిన స్కానుల్లో అనుకోకుండా కనిపిస్తూనే ఉంటాయని, ఎక్కువగా జలుబు వల్లనేనని. "కానీ నాకు నిశ్చయంగా తెలియదు. మీ డాక్టరు మిమ్మల్ని ఏండ్లుగా చూస్తున్నారు. ఆయనకు చూపించండి. అప్పటిదాకా స్క్రూ మాట వద్దు" అన్నాడు. స్కాన్ తీసినవాళ్ల రిపోర్టులో కూడా పొర వాపు కావచ్చు, లక్షణాలతో పోల్చి చూడవలెను అనే ఉంది. మంచివాళ్లే అందరూ. ఎవరినీ ఏమీ అనడానికి లేదు.

మర్నాడు కామారెడ్డిలో దిగి సాబ్ దగ్గరికి పోయాం. మా ఆయన హుషారుగానే ఉన్నాడు. "సాబ్, నాకు గూడ నీళ్ల బుడగ పుట్టింది" అంటూ లోపలికి పోయాడు.

సాబ్ పెద్ద ఫిల్మును కిటికీకి పట్టారు. నేను పక్కన నిలబడ్డాను. కుడి పక్క గది నల్లగా ఉంది. గాలి నల్లగా కనిపిస్తుందని అప్పటికే చెప్పి ఉన్నారు. ఎడమ పక్క గది బూడిద రంగులో ఉంది, అడుగు నుంచి కప్పు దాకా. నేను నవ్వు కోసం ఎదురుచూశాను. సాబ్ ఫిల్మును దించారు. అద్దాలు తుడుచుకున్నారు. మళ్లీ ఎత్తారు. వేలితో తెల్ల గీత వెంట నడిచినట్టుగా పైనుంచి కిందికి వచ్చారు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ గీత లేదు.

"రిపోర్టుల ఏం రాసిన్రు సాబ్?" అన్నాను.

"లక్షణాలతోని పోల్చి చూడుమన్నరు. అంటే ఫిల్మును మనిషితోని కలిపి చూడుమని" అని మా ఆయన వైపు తిరిగారు. "కూసో పటేలా. కండ్లు మూసుకో."

దూది తీసి సన్నని పోచగా మెలిపెట్టారు. "తగిలినప్పుడల్లా చెప్పాలె."

కుడి చెంపకు తాకించారు.

"ఆఁ" అన్నాడు మా ఆయన.

కుడి పెదవి పక్కన తాకించారు.

"ఆఁ."

ఎడమ చెంపకు తాకించారు. మా ఆయన ఏమీ అనలేదు. కండ్లు మూసుకుని, పరీక్షలో పిల్లవాడిలా, తరువాతి దాని కోసం ఎదురుచూస్తున్నాడు. ఎడమ ముక్కు పక్కన తాకించారు. పెదవి మీద తాకించారు. ఆ దూది ఆయన ముఖం మీద తిరుగుతుండటం నాకు కనబడుతోంది. ఆయనకు తెలియడం లేదు. చివరికి, "పెడ్తలెవ్వేంది సాబ్?" అని అడిగాడు.

సాబ్ నా వైపు చూశారు. ఆ చూపును నేను ఇప్పటికీ దించుకోలేకపోతున్నాను.

ఆ పక్క ముక్కులోంచి ఎప్పుడన్నా నెత్తురు చార వస్తుందా అని అడిగారు. వస్తుందట. ఎండ వేడికనుకున్నాడట, నాకు చెప్పలేదు. కట్టుడు పండ్లు ఊడిపడింది కూడా పండ్ల తప్పు కాకపోవచ్చని, పైన దవడే కొద్దికొద్దిగా ఆకారం మారి ఉండవచ్చని సాబ్ అన్నారు.

"జలుబు గదిని నింపుతది పటేలా. గోడను తినదు. ఇక్కడ గోడ పోయింది. ఇది ఏందో నేను చెప్పలేను, ముక్క తీసి చూడాలె. మంచిది గాకపోవచ్చు. నేనొస్త మీ ఎంబడి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

బయట కూర్చున్న వాళ్లకు చేతులు జోడించి, "ఇయ్యాల మాఫ్ జెయ్యిండ్రి" అని, తలుపు దగ్గరికి వేసి, మాతో మెట్లు దిగారు. ఆ రోజే మళ్లీ హైదరాబాదు బస్సెక్కాం. దారి పొడుగునా నా చేతిలో ఆ ఫిల్మున్న పెద్ద కవరు. మా ఆయన కిటికీ పక్కన కూర్చుని తన చెంపను తనే వేలితో నొక్కి నొక్కి చూసుకున్నాడు.

అది క్యాన్సరే. ఎడమ పక్క పై దవడ, అంగిలి సగం, తీసేయాలన్నారు. ఇంకొన్నాళ్లు పోతే కంటి దాకా పాకేదని, ఇప్పుడైతే ఆశ ఉందని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆపరేషనుకు ముందు నోటి అచ్చు తీసుకుని, అంగిలిలో పడే రంధ్రాన్ని మూసే ప్లేటు తయారు చేసుకోవాలట. ఆ ఆసుపత్రిలో ఆ పని చేసే పెద్దాయన దగ్గర మా సాబ్ శిష్యుడిలా కూర్చుని నేర్చుకున్నారు. కామారెడ్డిలో దవఖాన మూతపడి ఉంది. "నా గిరాకీ ఎక్కడికి వోదు చెల్లె. పన్ను నొప్పి కొంచెం ఆగుతది, ఇది ఆగది" అన్నారు.

ఆపరేషన్ అయింది. కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. మా ఆయన బతికాడు. కానీ ఇంటికి తెచ్చుకున్న మనిషి వేరు.

నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి. ఆపరేషన్ పుండు మానేకొద్దీ లోపల ఆకారం మారేది, మొదటి ప్లేటు నిలిచేది కాదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ మాట. గాలి నోట్లో ఆగకుండా ముక్కులోకి పోయేది. 'ప' అనబోతే 'మ' వచ్చేది, 'డ' అనబోతే 'న' వచ్చేది. మా బిడ్డకు అప్పుడు అయిదేండ్లు. ఒకరోజు వాకిట్లో ఆడుకుంటున్న దాన్ని "బిడ్డా" అని పిలవబోయాడు. "మిన్నా" అని వచ్చింది. అది ఇటు చూసి, ఆ సగం లోపలికి పోయిన చెంపను చూసి, నా కొంగు చాటుకు వచ్చింది. "అవ్వా, బాపు ఎవలిని పిలుస్తుండు?" అని నన్ను అడిగింది.

ఆ రోజు నుంచి మా ఆయన మాట్లాడటం మానేశాడు. గంజ్ వాళ్లు చూడటానికి వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కుప్పల ముందు నిలబడి అంత మందిని పలికించిన మనిషి నీళ్లు కావాలన్నా చెంబు చూపించేవాడు.

సాబ్‌కు శుక్రవారం సెలవు. నమాజు కాగానే బస్సెక్కి ఎల్లారెడ్డి వచ్చేవారు, చేతిలో మైనం, ఆకురాయి, చిన్న దీపం ఉన్న సంచితో. ఎన్ని శుక్రవారాలు అలా వచ్చారో నేను లెక్క పెట్టలేదు. వాకిట్లో పీట వేసుకుని, ప్లేటు అంచుకు మైనం అంటించి, మా ఆయన నోట్లో పెట్టి, తీసి, గీకి, మళ్లీ పెట్టేవారు. "ప అను పటేలా." రాదు. గీకేవారు. "ప అను." రాదు. ఒకసారి మా ఆయన విసిగిపోయి ప్లేటు తీసి విసిరికొట్టాడు. అది గోడకు తగిలి అంచు విరిగింది. వారాల పని. నేను సాబ్ ముఖం వైపు చూడలేకపోయాను.

సాబ్ లేచి, ముక్కలు ఏరుకుని, దులిపి సంచిలో వేసుకున్నారు. "కోపమొచ్చింది గద, మంచిదే. పానం మీద ఆశ లేనోనికి కోపం రాదు" అన్నారు. చాయ్ అడిగి తాగారు. మా బిడ్డకు అచ్చు తీసే మైనంతో పిట్టను చేసి ఇచ్చి, చివరి బస్సుకు పోయారు. మరుసటి శుక్రవారం కొత్తది మొదలుపెట్టారు.

కొత్తది తేలికగా, లోపల గుల్లగా చేశారు. ఎండాకాలం. నేను వంటింట్లో ఉన్నాను. "ప అను" అన్న సాబ్ గొంతు వినిపించింది. తరువాత, వాకిట్లోంచి, "బిడ్డా" అని వినబడింది.

నేను పొయ్యి దగ్గరే ఆగిపోయాను. ఎవరో ఇంటికొచ్చారనుకున్నాను. మళ్లీ వినబడింది, ఈసారి గట్టిగా. పక్కింట్లో ఆడుకుంటున్న పిల్ల "ఓ బాపూ, వస్తున్న" అంటూ ఉరికి వచ్చింది. నేను వాకిట్లోకి వచ్చేసరికి మా ఆయన పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడుస్తున్నాడు. సాబ్ గోడ వైపు తిరిగి ఆకురాయి తుడుస్తున్నారు. చాలాసేపు తుడిచారు దాన్ని.

ఆ మరుసటి సీజనుకు మా ఆయన గంజ్‌కు పోయాడు. మునుపటి గొంతు రాలేదు, ఆ గేటు దాకా పోలేదు. అయినా పలికాడు. ఎవరూ నవ్వలేదట. పాట అయిపోయాక చూస్తే సాబ్ బస్తాల వెనక కండ్లు మూసుకుని నిలబడి ఉన్నారట. దగ్గరికొచ్చి, "ప, బ మంచిగున్నయ్. క జర ముక్కులకెళ్లి పోతుంది. శుక్రవారం వస్త" అన్నారట. అంతే. శభాష్ అనలేదు, వీపు తట్టలేదు.

మా మీద ఇంత ప్రేమ ఎందుకని ఒకసారి అడిగాను. ఆయనకు ఆ ప్రశ్న నచ్చలేదు. "ప్రేమ గాదు చెల్లె, పని ఇంకా ఒడువలేదు" అన్నారు.

సాబ్‌ను మట్టి చేసిన రోజు మగవాళ్లు మగవాళ్ల వైపు, నేను లోపల ఆపా దగ్గరికి పోయాం. సాబ్ భార్యను నేను ఆపా, అంటే అక్కా, అనే పిలుస్తాను. తెల్లని దుపట్టా కప్పుకుని చాప మీద కూర్చుంది. నన్ను చూడగానే పక్కన చోటు చేసింది. తరువాత, మాకెప్పుడూ తెలియని సంగతి ఒకటి చెప్పింది.

"పటేల్ సాబ్ స్కాన్ చూసినంక మీతోని హైదరాబాద్ వోయి దింపి వచ్చిండ్రు గద. ఇంటికొచ్చి అన్నం ముందట కూసున్నరు. ముద్ద వెట్టలేదు. ఏమైందని నేనడిగితె, ఆ మనిషి కండ్లు మూసుకొని 'పెడ్తలెవ్వేంది' అని నన్ను అడిగిండు, నేనేం జెప్పాలె అన్నరు. చిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండ్రు. అగో గప్పటి సంది ఏ ఎక్స్‌రే వచ్చినా రెండుపార్లు చూసేటోళ్లు. 'నీడ చూసి బెదరద్దు, నీడే గదా అని ఇడ్సిపెట్టద్దు' అని వాళ్లకు వాళ్లే అనుకునేటోళ్లు."

నేను ఆపా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. ఓదార్చవలసింది నేను. ఆమె నా తల నిమిరింది.

బయట మా ఆయన పాడె మోశాడట. మనవాళ్లు కొందరు, వాళ్లవాళ్లు కొందరు, గంజ్ హమాలీలు, నీళ్ల బుడగ ఉన్న ఆ బిచ్కుంద రైతు, భుజం మార్చుకుంటూ మోశారట. మట్టి వేసేటప్పుడు అందరూ ఏదో ఒక మాట అన్నారని, తను మాత్రం ఏమీ అనలేకపోయానని చెప్పాడు. "సాబ్ ఇచ్చిన నోరు. సాబ్‌కే పనికి రాలే" అన్నాడు.

ప్లేటు ఇంకా ఒత్తుతూనే ఉంది. హైదరాబాదు పోవాలి. చేసేవాళ్లు ఉన్నారు, మంచివాళ్లే. మా ఆయన వాయిదా వేస్తున్నాడు. ఆ అంచును ఇంకొకరు గీకితే సాబ్ చెయ్యి కొంత పోతుందని ఆయన బాధ అని నాకు తెలుసు. నేను కూడా బలవంతం చేయడం లేదు. చేయాలి, చేస్తాను.

మొన్న ఆపాను చూడటానికి పోయి, వచ్చేటప్పుడు ఇద్దరం దవఖాన ముందు నుంచి నడిచాం. పైన గదికి తాళం ఉంది. మెట్ల మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. దవడ చుట్టూ తువ్వాల కట్టుకుంది. మాచారెడ్డి నుంచి మొదటి బస్సుకు వచ్చిందట.

"ఓ బిడ్డా, సాబ్ ఎప్పుడొస్తడు?" అని అడిగింది.

మా ఆయన రెండు మెట్లెక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. "అవ్వా, సాబ్ రాడు. పోయిండు" అన్నాడు. ఆ మాటలు స్పష్టంగా వచ్చాయి.

ముసలమ్మ ఆయన ముఖం వైపు, లోపలికి పోయిన ఆ చెంప వైపు చూసింది. అర్థమైంది. "అయ్యో నా కొడుకా" అంది. ఎవరిని అందో తెలియదు. ఇంకో డాక్టరు బస్టాండు పక్కన ఉన్నాడు, తోలుకపోతాం పద అన్నాం. తల ఊపింది, కానీ లేవలేదు.

"జరసేపు కూసుంట బిడ్డా. నొప్పి అంత లేదిప్పుడు" అంది.

మేం కూడా కూర్చున్నాం. కింద రోడ్డు మీద బెల్లం బండ్లు గంజ్ వైపు పోతున్నాయి. ముసలమ్మ తువ్వాల ముడి విప్పి, దాంతో తన కండ్లు తుడుచుకుని, మడిచి ఒళ్లో పెట్టుకుంది.